మా బాపు గిటారు ఎంచిన రోజు

మా తమ్ముడి కొడుకు వంశీ గిటారు కొనబోతున్న సంగతి డిండోలిలో మా సొసైటీ మొత్తానికీ తెలుసు. మూడు వారాలుగా వాడు ఆ పని మీదే ఉన్నాడు. సచిన్ అనే ఊళ్ళో ఒక రంగుల కంపెనీలో ఉద్యోగం. బస్సులో పోయేటప్పుడు, వచ్చేటప్పుడు, మధ్యాహ్నం డబ్బా విప్పుకున్నప్పుడు ఫోనులో గిటార్ల గురించి చెప్పేవాళ్ళను చూస్తూనే ఉంటాడు. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విడవకముందే ఫోను నా చెవి దగ్గర పెట్టాడు.

"అత్తమ్మా, జర కండ్లు మూసుకొని ఇను. ఫస్ట్‌వాలా మంచిగున్నదా, సెకండ్‌వాలానా?"

ఆ ఫోనులో మోత వచ్చే రంధ్రం గోరంత ఉంటుంది. అందులోంచి రెండు గిటార్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. నాకు రెండూ ఒకే దోమలా వినిపించాయి. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి రెండోదన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. రెండోదాని పై పలక పలుచటి పొరలు అతికించి చేసిందట, మొదటిది ఒకే చెక్కతో చేసిందట, కింద అభిప్రాయాలు రాసిన వాళ్ళంతా మొదటిదానికే ఓటు వేశారట. అంతమంది వేశాక నా ఓటు దేనికో నాకు అర్థం కాలేదు. వాడు నన్ను కూర్చోబెట్టి టోను అంటే ఏమిటో కూడా నేర్పాడు. ఒకదాని టోను వెచ్చగా ఉంటుందట. ఒకదానిది మెరుస్తుందట. ఒకాయన అయితే కళ్ళు అరమోడ్చి, దీని టోను చాక్లెట్‌లా ఉంది అన్నాడు. నలభై ఏళ్ళుగా గిటారు వాయిస్తున్నాను, దాన్ని నాకి చూడాలన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు.

"దుకాణానికి పోయి ముట్టి చూడరాదురా?" అన్నాను.

"దుకాన్ల ఏం తెలుస్తది అత్తమ్మా. ఆళ్ళు అమ్మెటోళ్ళు గద," అన్నాడు. ఫోనులో చెప్పేవాళ్ళు ధర్మానికి చెబుతున్నారని వాడి నమ్మకం. కాసేపటికి ఫోను దించి, గోడకు ఆనించి ఉన్న నా పాత గిటారు వైపు చూశాడు. "నీది ఎట్ల సెలెక్ట్ చేసిన్రు? గింత పాతది అయినా మస్తు మోగుతది."

"మీ తాత ఎంచిండు."

"తాతకు మ్యూజిక్ వచ్చునా?"

మా అవ్వ మంచం మీద కూర్చుని పాపడీ చిక్కుళ్ళు ఒలుస్తోంది. అవ్వ అంటే మా అమ్మ. మా కరీంనగర్ వైపు అమ్మను అట్లాగే పిలుస్తాం, నాన్నను బాపు అంటాం. ఎనభై దాటింది. చిక్కుడుకాయ చేతిలో ఉంటే ప్రపంచం పట్టదు. బాపు పోయి ఆరేళ్ళయింది. ఆ గిటారు ఎట్లా ఎంచాడో ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు, చెప్పనని ఆయనకు మాటిచ్చాను కాబట్టి. ఆ రోజు, చాక్లెట్ టోను విన్న విసుగులో, మాట తప్పాను.

కరీంనగర్ నుంచి ఈ గుజరాతీ పట్నానికి బతకడానికి వచ్చిన మేము అప్పట్లో ఉద్నా అవతల ఒక చాలులో, అంటే కూలీల వరస గదుల ఇంట్లో, ఒకే గదిలో ఉండేవాళ్ళం. చుట్టూ కార్ఖానాలు. పవర్‌లూములను మావాళ్ళు సాంచాలంటారు. ఒక్కో షెడ్డులో వరసగా నలభై యాభై సాంచాలు పగలూ రాత్రీ కొట్టుకునేవి. ఆ మోత మధ్య పుట్టిన పిల్లలకు మెల్లగా మాట్లాడడం అనేది ఒకటుందని తెలియదు. ఉప్పందుకోమని అడిగినా మా గదిలో అరుపే. ఊరి నుంచి చుట్టాలు వస్తే వీళ్ళెందుకు పొద్దస్తమానం కొట్లాడుకుంటున్నారని బెదిరేవాళ్ళు. వానాకాలంలో కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారి ఆగితే, ఆ నిశ్శబ్దానికి చంటిపిల్లలు లేచి ఏడ్చేవాళ్ళు.

మా బాపు జాబరు, అంటే చెడిపోయిన సాంచాను బాగుచేసేవాడు. ఆయన వస్తుంటే ముందు గ్రీజు వాసన వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు. గడపలోనే ఆగి, జేబులోంచి నూలు వేస్టు తీసి, కిరసనాయిలుతో చేతులు తుడుచుకుని, తర్వాత బట్టల సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. అవ్వ అప్పటికే చాయ్ పోసి ఉంచేది. చీరల దారపు కొసలు కత్తిరించే పని ఇంటికి తెచ్చుకునేది కాబట్టి మా చాయ్‌లో ఎప్పుడూ ఒక రంగు దారప్పోగు తేలుతూ ఉండేది. బాపు దాన్ని చిటికెన వేలితో తీసి, సాసర్‌లో పోసుకుని తాగేవాడు. పోగు రంగును బట్టి ఆ రోజు ఏ సేఠ్ చీరలు వచ్చాయో చెప్పేవాడు.

చాయ్ అయ్యాక మనుషులు వచ్చేవాళ్ళు. మా చాలులో బాపుకు ఒక పేరుంది: చెప్పింది వినే మనిషి. అన్నదమ్ముల పంపకం, పెళ్ళాంతో తగాదా, సేఠ్ తిట్టిన తిట్టు, ఏదైనా సరే తెచ్చి మా మంచం మీద కూర్చుని ఆయనకు చెప్పుకునేవాళ్ళు. బాపు రెప్ప కొట్టకుండా వాళ్ళ ముఖంలోకి చూసేవాడు. మధ్యలో అడ్డం రాడు. నాకూ ఇట్లాగే అయిందని తన కథ మొదలుపెట్టడు. ఎదుటివాడు కళ్ళు తుడుచుకుంటే మోకాలి మీద చెయ్యి వేసేవాడు. అంతా అయ్యాక ఆయన దగ్గర మూడే మాటలుండేవి: "గట్లనా", "కోపం మీద ఏం చెయ్యకు", "రేపటికి సర్దుకుంటది." వాటిలో ఒకటి తీసుకుని, వచ్చినవాడు సగం బరువు దిగి పోయేవాడు. ఆడవాళ్ళు తమ మొగుళ్ళకు బాపును చూపించి బుద్ధి చెప్పేవాళ్ళు. "గా సాయన్నను సూడు, మనిషి మాట్లాడుతుంటె ఎట్ల ఇంటడో."

మా బాపు అన్న గంగారాం పెద్దబాపుది దీనికి పూర్తిగా విరుద్ధమైన స్వభావం. ఆయన మా చాలు భజనమండలికి పెద్ద. ఆయన హార్మోనియంలో రెండు మెట్లు పలికేవి కావు. ఆ రెండు స్వరాలు అవసరమైన పాటలు భక్తికి పనికిరావని ఆయన తీర్మానం. ఎవరికైనా చెప్పడమే తప్ప ఎవరి దగ్గరా ఏదీ వినే అవసరం ఆయనకు రాలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా తెలుగు బడికి లెక్కల టీచరుగా కేరళ నుంచి లిస్సీ మిస్ వచ్చింది. బడి పండుగ రోజు ఆమె గిటారు తెచ్చి, స్టేజీ మీద కుర్చీలో కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా వాయించింది. అంత మెల్లటి చప్పుడు వినడానికి అంతమంది నోరు మూసుకోవడం నేనదే మొదటిసారి చూశాను. మర్నాడు స్టాఫ్ రూం ముందు తచ్చాడుతుంటే పిలిచి, నా వేళ్ళు తీగల మీద పెట్టించింది. నీకంటూ ఒకటి తెచ్చుకుంటే శనివారాలు నేర్పిస్తానంది. ఎట్లాంటిది కొనాలో తనకు వచ్చిన హిందీలో చెప్పింది. మెరిసేది చూసి మోసపోవద్దు. తీగ మీటి వదిలెయ్యి, మోత ఎంతసేపు నిలుస్తుందో చూడు. ఆరు తీగలూ ఒకసారి మీటితే ఆరూ విడివిడిగా వినపడాలి, గంపగుత్తగా కాదు. మెడ వంకర ఉండకూడదు. తీగలు పలకకు మరీ ఎత్తున ఉంటే వేళ్ళు తెగుతాయి. ఇదంతా లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాను. గిటారు ఎంచడం గురించి నలభై ఏళ్ళలో నేను విన్న చదువు మొత్తం ఆ ఒక్క పేజీలోనే ఉంది.

ఆ పేజీలో ఉన్నదంతా బాపుకు చెప్పి, ఇంట్లో అడిగాను. ఇంట్లో అంటే చాలంతా అడిగినట్టే. ఎవరూ గిటారును దగ్గరగా చూసి ఎరగరు, అభిప్రాయం లేనివాళ్ళు మాత్రం లేరు. సితారూ గిటారూ ఒకటేనని ఒకరు, ఒకటి కూర్చుని వాయించేది ఒకటి నిలబడి వాయించేదని ఇంకొకరు. ఆడపిల్లకు వీణ అయితే ముద్దు అన్నాడు పెద్దబాపు. వీణ ఎవరు కొనిస్తారని ఎవరూ అడగలేదు. అవ్వ అన్నింటికంటే అవసరమైన ప్రశ్న అడిగింది. "గదాన్ని ఏడ వెడ్తవు? బియ్యం డ్రమ్ము మీదనా, నా నెత్తి మీదనా?" బాపు అందరి ముఖాలూ చూసి, చివరికి నా ముఖం చూశాడు. "దీపావళి బోనస్ రాంగనె పోదాం," అన్నాడు. అంతే. ఇక నిపుణుడు లేకుండా ఎట్లా పోతారని పెద్దబాపు తనను తాను మా వెంట నియమించుకున్నాడు.

బోనస్ వచ్చాక, కార్ఖానాలకు కరెంటు ఇవ్వని వారపు సెలవు రోజున ముగ్గురం చౌక్ బజారు పక్క సందులో మన్సుఖ్‌భాయ్ అనే ఆయన దుకాణానికి పోయాం. పెళ్ళి బ్యాండు సామాను, హార్మోనియాలు, తబలాలు, వాటి వెనక గోడకు ఏడెనిమిది గిటార్లు వేలాడుతున్నాయి. పెద్దబాపు లోపలికి అడుగు పెడుతూనే పుచ్చకాయలు ఎంచినట్టు ఒక్కోదాన్ని వేళ్ళతో తట్టడం మొదలుపెట్టాడు. తట్టి, తల ఊపి, తర్వాతదానికి పోతున్నాడు. చివరికి ఎర్రగా అద్దంలా మెరిసేదాన్ని పట్టుకున్నాడు. దాని మీద రెండు గులాబీలు వేసి ఉన్నాయి.

"గిదే. పెట్టె పెద్దగున్నది, మోత పెద్దగొస్తది," అన్నాడు.

మన్సుఖ్‌భాయ్‌కి తెలుగు రాకపోయినా బేరం తెలుసు. ఎర్ర గిటారు తీసుకుని బాపు వెనక నిలబడి తీగలు బరబరా లాగి, "కాకా, సునియే," అన్నాడు, వినమని. బాపు తిరగలేదు. ఆయన గోడకున్న గిటార్లలో ఒకదాన్ని దించి, ఒక కన్ను మూసి, మెడ వెంబడి కొస దాకా చూస్తున్నాడు. సాంచా ఇరుసు వంకర పోయిందేమో చూసే చూపు అది. "కాకా," అన్నాడు మన్సుఖ్‌భాయ్ మళ్ళీ. మూడోసారి కూడా అన్నాడు. ధర ఎక్కువని బాపుకు కోపం వచ్చిందేమోనని నాకు భయం వేసింది.

అప్పుడు పెద్దబాపు మోచెయ్యి తగిలి అరలోంచి బ్యాండు తాళాల జత ఒకటి రాతి గచ్చు మీద పడింది. పళ్ళెమంత తాళాలు. నేను ఎగిరిపడ్డాను. మన్సుఖ్‌భాయ్ చేతిలో గిటారు జారబోయింది. సందులో పోతున్న ఇద్దరు ఆగి లోపలికి తొంగి చూశారు. బాపు ఒక కన్ను మూసుకుని, గిటారు మెడ వెంబడి చూస్తూనే ఉన్నాడు. ఆయన భుజం కూడా కదలలేదు.

"సూసినవా మా తమ్ముని నిదానం," అన్నాడు పెద్దబాపు మన్సుఖ్‌భాయ్‌తో, హిందీలో చెప్పాలన్న సంగతి మరిచిపోయి. "పిడుగు వడ్డా కదలడు."

నేను మాత్రం బాపు భుజం వైపే చూశాను. ఆయన ఎప్పుడూ మా పెదవుల వైపు చూడడం, వెనక నుంచి పిలిస్తే పలకకపోవడం, రాత్రి కరెంటు పోయి చీకటి కాగానే మాటలు ఆపెయ్యడం అన్నీ ఒక్కసారి వచ్చి నా ముందు నిలబడ్డాయి. చాలు మొత్తానికీ వినే మనిషికి వినపడదు. నేను మంచి టోను ఎంచడానికి ఆయన్ను తీసుకొచ్చాను.

బాపుకు ఇవేవీ తెలియవు. మూడు గిటార్లు మెడ వంకరని పక్కన పెట్టేశాడు. ఒకదాని తీగల కింద వేలు దూర్చి చూసి, ఎత్తు ఎక్కువని తల అడ్డంగా ఊపాడు. తర్వాత నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఎర్రది ఒళ్ళో పెట్టి, "తీగ గుంజి ఇడువు బిడ్డా," అన్నాడు. తన ఎడమ అరచెయ్యి గిటారు వీపుకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కార్ఖానాలో సాంచా చట్రం మీద చెయ్యి వేసి, ఏ బోల్టు వదులైందో చెప్పేటప్పుడు ఆయన అట్లాగే నిలబడతాడు. కుడి చూపుడు వేలు పైకెత్తాడు. తీగ మీటాను. ఒకటి, రెండు, మూడు అనుకునేలోపు వేలు ముడిచేశాడు. మోత నిజంగానే అంతలోనే పోయింది. ఇంకోటి. ఇంకోటి. వేలు లేస్తోంది, ముడుచుకుంటోంది.

అన్నింటికంటే వెనక, మేకుకు ఒక ముసలి గిటారు ఉంది. రంగు వెలిసి, పక్కన గీత పడి, నెమలి బొమ్మ సగం రాలిపోయింది. అది పాతదని, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిపోయారని, కావాలంటే తక్కువకే ఇస్తానని మన్సుఖ్‌భాయ్ ముఖం చిట్లించి దించాడు. నేను తీగ మీటాను. బాపు వేలు పైకి లేచింది, అక్కడే ఉంది. పెద్దబాపు బీడీ వెతుక్కుని, అగ్గిపెట్టె కోసం రెండు జేబులూ తడుముకున్నాడు. వేలు ఇంకా దిగలేదు. చివరికి మెల్లగా ముడిచాడు. తర్వాత వంగి, గిటారు అంచుకు దవడ ఆనించి, ఒక్కో తీగా విడిగా మీటించాడు.

"మూడోది జర సచ్చింది," అన్నాడు. "పెట్టెది తప్పు కాదు. తీగ పాతది. మారిస్తె అయిపాయె."

మన్సుఖ్‌భాయ్ కొత్త తీగ వేసి మీటాడు. ఆరూ విడివిడిగా, ఒకదాని వెనక ఒకటి నిలబడ్డట్టు వినిపించాయి. ఆయన బాపు వైపు, పెద్దబాపు వైపు చూసి, "కాకా ఉస్తాద్ హై క్యా?" అన్నాడు.

"మేరా భాయీ హై," అన్నాడు పెద్దబాపు, మిగతాది ఆయన ఊహకు వదిలేస్తూ.

ఇంత కష్టపడి ఎంచినందుకు తనకు డుమస్ సముద్రపొడ్డున భజియాలు దక్కాలని పెద్దబాపు పట్టుబట్టాడు. బస్సు దిగగానే బండి దగ్గరకు పోయి నిలబడ్డాడు. నేనూ బాపూ గిటారు పట్టుకుని నల్లటి ఇసుకలో కూర్చున్నాం. నేను ఆయనకు ఎదురుగా జరిగి, నోరు బాగా తెరిచి, గొంతు మాత్రం పెంచకుండా అడిగాను.

"బాపూ, నీకు ఇనవడ్తలేదు గదా."

ఆయన నా పెదవులు చూశాడు.

"ఒక చెవు ఎప్పుడో పోయింది," అన్నాడు. "రెండోదాంట్ల జర గూ అని వస్తది. సాంచాల పనిచేసెటోళ్ళు మస్తుమంది గంతే బిడ్డా. ఎవ్వలు చెప్పుకోరు."

"సేఠ్‌కు తెలిస్తె పనిలకెల్లి తీసేస్తడా?"

"సేఠ్‌కు ఏం ఫరక్ పడ్తది. సాంచా నడిస్తె సాలు."

"మరి ఎందుకు దాసిపెట్టినవ్?"

ఇసుకలో వేలితో గీతలు గీశాడు. ఆయన సిగ్గుపడడం నేను అంతకుముందు చూడలేదు. "పొద్దూకంగ మనింటికి గంతమంది వస్తరు. కూసుంటరు. చెప్పుకుంటరు. సగం మూతులు సూసి తెలుసుకుంట, సగం తెల్వదు. నాకు ఇనవడదంటె మల్ల ఎవ్వడొస్తడే? ఒక్కన్నె కూసోవాలె." గీసిన గీతలు చెరిపి, "మీ అవ్వకు అసలే చెప్పకు. రంది వెట్టుకుంటది," అన్నాడు.

చెప్పనని చేతిలో చెయ్యి వేశాను. అంతలో పెద్దబాపు నూనె కారే పొట్లంతో వచ్చి, టమాటా భజియాలు ఎట్లా ఎంచాలో మాకు వివరించాడు.

ఆ శనివారం లిస్సీ మిస్ నా గిటారు తీసుకుని కాసేపు వాయించి ఆపింది. దీన్ని ఎవరు ఎంచారని అడిగింది. మా నాన్న అన్నాను. ఆయన ఏం వాయిస్తారంది. సాంచాలు నడిపిస్తాడన్నాను. ఆమె నవ్విందే కానీ ఇంకేమీ అడగలేదు. చాలులో మాత్రం ఆ గిటారు పెద్దబాపు ఎంచినట్టే నిలబడిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళు ఎవరి పిల్లలకు మౌతార్గాన్ కొనాలన్నా, రేడియో కొనాలన్నా, చివరికి ప్రెషర్ కుక్కర్ కొనాలన్నా సౌండు చూడడానికి ఆయన్నే తీసుకుపోయేవాళ్ళు. ఆయన తట్టి చూసేవాడు.

బాపు దగ్గరకు మనుషులు రావడం ఆగలేదు. వాళ్ళంతా పోయాక ఆయన నా పక్కన పీట వేసుకుని గిటారు వీపు మీద అరచెయ్యి పెట్టేవాడు. నేను వాయించేదాన్ని. తీగలు మార్చే సమయం వచ్చిందని నాకంటే ముందు ఆయనకే తెలిసేది. తప్పు వాయిస్తే తెలిసేది కాదు, అందుకని ఆయన ముందు నేను ఎప్పుడూ భయపడకుండా వాయించాను. నేను టీచరయ్యాను, బాపు పని మానేశాడు, ఆ చాలు పడగొట్టి మార్కెట్ కట్టారు. ఆయన పోయిన రోజు మా గుమ్మం ముందు మగవాళ్ళు నిలబడి, అంత బాగా వినే మనిషి ఇక పుట్టడని చెప్పుకున్నారు. నేను తల ఊపాను.

ఇదంతా వంశీకి చెప్పి ముగించేసరికి చాయ్ చల్లారిపోయింది. వాడు శ్రద్ధగానే విన్నాడు. కానీ మధ్యలో, మేము డుమస్ బస్సెక్కిన దగ్గర అనుకుంటాను, ఆఫరు అయిపోతోందని ఫోను హెచ్చరించింది. వాడు మొదటి గిటారుకు ఆర్డర్ పెట్టేశాడట. బుధవారం వస్తుందట. ఆ మోత ఎంతసేపు నిలుస్తుందో చూసుకున్నావురా అంటే, నాలుగు వేలమంది చూశారు అత్తమ్మా అన్నాడు. మాకు చాలులో ఉన్న పెద్దబాపు ఒక్కడే. వీడి జేబులో నాలుగు వేలమంది ఉన్నారు, అందరూ తట్టి చెప్పేవాళ్ళే. అప్పుడు అంతా మంచిగా ఉండేదని అనను. అంత మోతలో మనుషుల చెవులు పోతుంటే, అది పనిలో భాగమనుకున్న కాలం అది. వంశీ కంపెనీలో మోత వినపడకుండా చెవులకు పెట్టుకునే బిరడాలు ఇస్తారు. వాడు వాటిని డ్రాయర్‌లో పెట్టి, ఆ చెవుల్లో పాటలు పెట్టుకుంటాడు.

"పాపం నానమ్మకు తెల్వకుండనే పోయినట్టు తాత," అన్నాడు వాడు గొంతు తగ్గించి.

మంచం మీద చిక్కుళ్ళ చప్పుడు ఆగింది.

"నాకు తెల్వకపోవుడేంది," అంది అవ్వ.

ఇద్దరం ఆమె వైపు తిరిగాం. అవ్వ ఒలిచిన గింజలు గిన్నెలోకి దులిపి, నా వైపు చూసింది.

"నువ్వు పుట్టకముందుకెల్లి తెల్సు. ఎన్కకెల్లి పిలిస్తె పలుకకపోయేది. ఒకపారి కావాలని ఎనక గిన్నె కింద వడేసిన. తిరుగలే."

"మరి బాపుకు ఒక్కనాడన్న చెప్పకపోతివేందే అవ్వా?" అన్నాను.

"చెప్తె ఏమైతుండె? ఇంట్ల దాసిపెట్టుడు అక్కెర లేదని, నేను మాట్లాడుతుంటె గోడ దిక్కు తిరిగి పండుకుంటుండె, అందరి మొగోళ్ళ లెక్క." ఇంకో కాయ తీసుకుని వెన్ను విరిచింది. "చెప్పలే కాబట్టి యాభై ఏండ్లు నా మొకం సూసిండు."